రుమాలు మీద చేసిన ప్రార్థనలు

మా చర్చి సంఘంలో వృద్ధాశ్రమ పరిచర్య మొదలుపెట్టింది నేనే. ఈ మాట ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేవాణ్ణి. ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై, ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేసి, దువ్వాడలో సొంతింటికి వచ్చాక నాకు రెండు మిగిలాయి: చేతినిండా తీరిక, నోటినిండా అధికారం. తీరికతో ఎలాగో సర్దుకున్నాను. ఏళ్ళ తరబడి షిఫ్టులో పదిమందికి పని చెప్పిన నోరు మాత్రం ఊరుకోలేదు. ఇంట్లో వినేది మా ఆవిడొక్కతే. ఆవిడ కూడా వినేది కాదు. అందుకని ఒక ఆదివారం పాస్టరు గారు, వృద్ధుల్ని దర్శించే భారం ఎవరికైనా ఉందా అని అడుగుతుండగానే, ఆ వాక్యం పూర్తి కాకముందే చెయ్యెత్తాను.

ఆశ్రమం దువ్వాడ స్టేషను అవతల, కొత్తగా ఇళ్ళు లేస్తున్న వైపు, ఒక అద్దె మేడలో ఉండేది. గూడ్సు బండి వెళ్తే కిటికీ అద్దాలు వణికేవి. నెలకో శనివారం వెళ్ళేవాళ్ళం. పాటలకి కీబోర్డు, స్త్రీల సమాజం నుంచి కొందరు అక్కలు, ఫొటోలకి యూత్, బైబిలు వాక్యం చెప్పడానికి నేను. పంచడానికి బ్రెడ్డు ప్యాకెట్లు, యాపిల్స్. యాపిల్స్ అన్నది నా నిర్ణయమే. ఎవరో అరటిపళ్ళు అన్నారు. అరటిపండు ఫొటోలో నల్లబడిపోతుందని, యాపిల్ అయితే ఎర్రగా, గౌరవంగా కనిపిస్తుందని వాదించి నెగ్గాను. అక్కడున్నవాళ్ళలో చాలామందికి పళ్ళు లేవని మాలో ఒక్కరికీ తోచలేదు. వాళ్ళు యాపిల్ పట్టుకుని బోసినోళ్ళతో నవ్వేవారు, మేం ఆ ఫొటోలు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళం. ఆ ఫొటోల్ని పెద్దవి చేసి చూసి, ఎందులో నా తల సగం తెగిపోయిందో కనిపెట్టేవాణ్ణి. నోళ్ళ సంగతి కనిపెట్టలేదు.

పాటలు, వాక్యం, ఫొటో అయ్యాక మంచం మంచం దగ్గరికీ వెళ్ళి, "మీ ప్రార్థన అవసరత ఏమిటి?" అని అడిగేవాణ్ణి. మొదటి ముక్క వినగానే మిగతాది తెలిసిపోయేది. మోకాళ్ళు, షుగరు, నిద్రపట్టకపోవడం. మిగతాది వినకుండానే కళ్ళు మూసుకునేవాణ్ణి.

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పాలి. మా సంఘంలో జనం వస్తువులు తెచ్చి ప్రార్థన చేయించుకుంటారు. కొబ్బరినూనె సీసా, కొత్త బండి తాళం, పిల్లల హాల్ టిక్కెట్టు, జ్వరం వచ్చినవాళ్ళ చేతిరుమాలు. వాటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థించి, తిరిగి వాళ్ళ చేతిలో పెట్టాలి. మూటలో ఏముందని అడగడం మర్యాద కాదు. సంఘంలో ఆ పని పాస్టరు గారిది. ఆశ్రమానికి ఆయన రారు కాబట్టి అక్కడ నాది.

కింది అంతస్తులో కిటికీ పక్క మంచం ఒక పెద్దాయనది. శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. కుర్రప్పుడే పొలం వదిలి వచ్చి పోర్టులో కళాసీగా పనిచేశాడట. భార్య పోయింది, పిల్లలు లేరు, ఊళ్ళో ఒక మేనల్లుడున్నాడు. తలవైపు గోడకి సింహాద్రి అప్పన్న క్యాలెండరు ఉండేది. అయినా మా పాటలకి తొడ మీద తాళం వేసేవాడు. నన్ను "అయ్యగారూ" అని పిలిచేవాడు. మావాళ్ళలో అయ్యగారంటే పాస్టరు. నేను పాస్టర్ని కానని ఆయనకి చెప్పాలి. వచ్చే నెల చెబుదాంలే అనుకునేవాణ్ణి. ఆ పిలుపు చెవికి బాగుండేది.

వానలు వెనకపట్టాక ఒక శనివారం ఆయన లుంగీ మడతలోంచి చిన్న రుమాలు మూట తీసి నాకేసి చాచాడు. "అయ్యగారూ, ఇది కొంచెం..." అన్నాడు. ఆయన మాట మొదలుపెట్టాడు, నేను ప్రార్థన మొదలుపెట్టాను. కీబోర్డు మోతలో వినబడలేదని తర్వాత చాలామందికి చెప్పాను. వినబడింది. ఆగలేదు, అంతే. మూట మీద చెయ్యి పెట్టి, ఈ తండ్రిగారి విశ్వాసాన్ని చూడండి ప్రభువా అని గట్టిగా ప్రార్థించి, మూటని ఆయన అరచేతిలోనే పెట్టి, వేళ్ళు మూసి, పైన తట్టాను. ఆయన మూటనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. దాన్ని నేను భక్తి అనుకున్నాను.

ఆదివారం ఆరాధనలో రిపోర్టు ఇచ్చాను. క్యాలెండరు సంగతి కూడా చెప్పి, అలాంటి పెద్దాయన చేతిగుడ్డ మూట పట్టుకుని మన దగ్గరికి వచ్చాడంటే ఎంత పరిచర్య జరుగుతోందో చూడండి అన్నాను. అందులో ఏముందో మనకు తెలియదు, ప్రభువుకి తెలుసు అన్నాను. చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక మూటలో ఏముంటుందన్న చర్చ జరిగింది. ఒకావిడ సొంతూరి మట్టి అంది. ఇంకొకాయన, పోయిన భార్య మంగళసూత్రమేమో అన్నాడు. నాకు మంగళసూత్రం నచ్చింది. వచ్చే నెలకి అదేనని నమ్మేశాను కూడా. ప్రార్థనలో భార్య పోయినవారికి ఆదరణ అన్న మాట చేర్చాను.

ఆ నెలా మూట ఇచ్చాడు. ప్రార్థించి తిరిగిచ్చాను. ఆ పై నెల, చెయ్యి చాచేముందు అడిగాడు.

"ఇంకా అవ్వనేదేటి అయ్యగారూ?"

"అవుతుంది తండ్రిగారూ. ఓపిక పట్టాలి."

"ఎవులికైనా సెప్పారేటి?"

"చెప్పాల్సినవాడికే చెప్పాను. ఆయన్ని మించిన డాక్టరు లేడు."

"ఓహో. అయితే లైను ఉంతాది," అని ఆయన సర్దుకున్నాడు. మళ్ళీ మూట చాచాడు.

డిసెంబరు వచ్చింది. మా వైపు అసలు పండగ కంటే ముందొచ్చే సెమీ క్రిస్మస్‌లే ఎక్కువ. ఆఫీసుకొకటి, వీధికొకటి, సంఘానికొకటి. ఆశ్రమాన్ని ఎవరూ వదలరు. ఆ నెలంతా అక్కడివాళ్ళు దాదాపు రోజూ కేకు కోసేవారు. షుగరున్న ముసలమ్మలు కూడా కోసేవారు, ఫొటో కోసం. మేం వెళ్ళేసరికి వాళ్ళకి పాటలన్నీ మాకంటే బాగా వచ్చేశాయి.

ఆ రోజు ఆశ్రమం చూసుకునే మేడం నన్ను పక్కకి పిలిచింది.

"సార్, కిటికీ పక్క తాత తింటం నేదు. గంజి, మజ్జిగ, ఎప్పుడైనా రెండు మెతుకులు, అంతే. మనిషి సగమైపోయాడు. మొన్న బోజనాల గదికి వత్తా వత్తా గోడట్టుకుని నిలబడిపోయాడు. మా రూలు మీకు తెలుసు కదా."

తెలుసు. తన కాళ్ళ మీద భోజనాల గదికి వచ్చి తినగలిగినంత కాలమే అక్కడ ఉంచుకుంటారు. ఆ మేడం కఠినురాలేం కాదు. ఉన్నది ఇద్దరు ఆయాలు. మంచం పట్టినవాళ్ళని ఎత్తడానికీ తినిపించడానికీ మనుషుల్లేరు.

"పంపేస్తే మేనల్లుడు చూసుకుంటాడు కదమ్మా?"

"ఆడా? ఆడు ఈ తాతని పశువుల సాలలో మంచమేసి ఒగ్గేత్తాడు సార్. తాతకీ తెలుసు. అందుకే పడిపోతన్నా గోడట్టుకుని వత్తన్నాడు."

"ప్రార్థిద్దాం అమ్మా," అన్నాను.

కేకు కోశాక, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పే సాక్ష్యాల కార్యక్రమం. ఆయన్ని ముందుకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఈ తండ్రిగారి విశ్వాసం గురించి మీరు వింటూనే ఉన్నారు, ఆయన నోటనే విందాం అని మైకు చేతికిచ్చాను. ఆయన మైకుని కాసేపు తిప్పి చూశాడు. తర్వాత నాకేసి తిరిగాడు.

"ఏటయ్యగారూ, నెలనెలా ఇత్తన్నాను. మీరు సెయ్యేత్తారు, కళ్ళు మూత్తారు, ఏటో సదువుతారు, మళ్ళీ నా సేతిలోనే ఎట్టేత్తారు. ఇది బాగు సేయిత్తారా, సేయించరా? ముందది సెప్పండి."

మూట విప్పాడు. అందులో కట్టుడు పళ్ళ పై సెట్టు ఉంది. గులాబీరంగు చిగుళ్ళతో, నడిమికి విరిగి, రెండు ముక్కలు.

కీబోర్డు ఆగిపోయింది. పక్క మంచం ముసలమ్మ గొంతు ఒక్కటే లేచింది.

"ఓలమ్మో, పళ్ళేటి! దిండు కింద దాసుకుంతన్నాడని నాను బంగారమనుకున్నాను. రెండు రేత్రులు నిద్దర మానేసి కాపలా కాసాను కదరా నీకు!"

అందరూ నవ్వారు. అక్కలతోపాటు వచ్చిన మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అక్కడే నా తప్పు నేనూ నవ్వి ఒప్పుకుని ఉంటే ఇంతటితో అయిపోయేది. నేను ఇంకో మైకు అందుకుని, "మరుగైనదాన్ని ప్రభువు ఈ రోజు బయలుపరిచాడు," అన్నాను. వెనకనుంచి ఎవరో ఆమెన్ అన్నారు. ఆ ఊపులోనే మూట తీసుకుని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఈ వారంలో మీ నోట్లో ఉంటాయి అని అందరి ముందూ మాటిచ్చాను.

ఇంటికొచ్చాక కోటు మీద కేకు క్రీము కనిపించింది. పండగయ్యాక డ్రైక్లీనింగుకి ఇద్దామని బీరువాలో చివర తగిలించి, మర్నాటి నుంచి ఇంకో కోటు వేసుకున్నాను. మూట మర్చిపోయానని చెప్పడం తేలిక. నిజానికి గుర్తొస్తూనే ఉండేది. గుర్తొచ్చినప్పుడల్లా దానితోపాటు ఆ మైకూ, ఆ నవ్వులూ గుర్తొచ్చేవి. వెంటనే ఇంకో పని మీద పడేవాణ్ణి. డిసెంబరులో సంఘ పెద్దకి పనులకేం తక్కువ? స్టార్లు కట్టించాను, కుర్చీలు వేయించాను, నాలుగుచోట్ల వాక్యం చెప్పాను. ఒకచోట తీసుకున్న అంశం, ఆకలిగొన్నవారిని తృప్తిపరచుట.

ఆ విరిగిన ముక్కల్లో ఒకదాన్ని ఆయన బొటనవేలితో పైకి అదిమిపట్టి, మెత్తటి అన్నమో ఉడికిన దుంపో ఎలాగో నమిలేవాడట. నాకు తర్వాత తెలిసింది. ఆ ఆధారం కూడా నేనే తెచ్చి బీరువాలో పెట్టాను.

కొత్త సంవత్సరం వచ్చాక మేడం ఫోన్ చేసింది. ఆయన భోజనాల గదికి వెళ్తూ వరండాలో పడ్డాడు. ఎముకలేం విరగలేదు, నీరసం. మేనల్లుడికి చెప్తే, కోతలయ్యాక చూస్తానన్నాడు.

"మీరే ఏదోటి సూడాలి సార్. కొన్నాల్లు తీసుకెల్లండి. నడుసుకుంటా వత్తే ఆ మంచం తాతదే, ఎవులికీ ఇవ్వను. నేదంటే ఆ మేనల్లుడికే."

"ప్రార్థన చేసి చెప్తానమ్మా," అన్నాను.

కుదరదని చెప్పడానికి మావాళ్ళు వాడే మర్యాద మాట అది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ప్రార్థన చేసి ఏం చెప్తారండీ?"

"ఆలోచించుకోవాలి కదా. ఇంటికి నలుగురూ వస్తూపోతూ ఉంటారు. ఆయన అలవాట్లు ఎలాంటివో..."

"కింద గది ఖాళీయే. మీ కీబోర్డు స్టాండూ, యాపిల్ డబ్బాలూ ఉన్నాయి. అవి మేడ మీద పెట్టించండి."

"మనకెందుకు లేనిపోని బాధ్యత?"

"ఆయన పళ్ళు మన బీరువాలో ఉన్నాయి. ఆయన్ని ఇంకెక్కడికి పంపుతారు?"

మూట సంగతి ఆవిడకి ముందునుంచీ తెలుసు. నేనెప్పుడు తీస్తానో చూస్తూ ఊరుకుందట.

మర్నాడు కారులో మద్దిలపాలెంలో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరాం. ఆయన ముందు సీట్లో, బెల్టు కింద మరీ చిన్నగా కనిపించాడు. మాట్లాడటానికి ఓపిక లేకపోయినా మాట్లాడాడు.

"అయ్యగారూ, మీ సర్చి ఎంత పెద్దది?"

"నాది కాదు తండ్రిగారూ. నేను పాస్టర్ని కాను. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశాను."

ఆయన తల తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"కూలోడివే అన్నమాట నువ్వూ. మరి ఇన్నాల్లూ అయ్యగారూ, అయ్యగారూ అని పిలిపించుకున్నావు కదా నాసేత. ముందే సెప్పొచ్చు కదా బావా!"

అప్పట్నుంచి నన్ను బావా అనే పిలిచాడు.

డాక్టరు ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూశాడు. "అతకడం ఒక్కరోజు పని. ఎప్పుడు విరిగింది?"

"వానల్లో."

"ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

నేను నోరు తెరిచేలోపు పెద్దాయన నన్ను చూపించాడు. "ఈ బావ పెద్ద డాక్టరుకి సూపించాడండి. అక్కడ లైనెక్కువ."

ఇప్పుడు అతికించినా సరిపోదని తేలింది. తినక, పెట్టుకోక చిగుళ్ళు కుంగిపోయాయి. మళ్ళీ కొలత తీసి కొత్త సెట్టు చెయ్యాలి. ఒక్కరోజు పని కాస్తా కొన్ని వారాల పనైంది.

ఆ వారాలు నేను బాగా ఉన్నానని రాయాలని ఉంది. ఉండలేదు. ఆయన టీవీ గట్టిగా పెడితే విసుక్కున్నాను. గేటు దగ్గర బీడీ కాలిస్తే, సంఘంవాళ్ళెవరైనా చూస్తారేమోనని వీధి చివరికి ఒకసారి చూశాను. క్యాలెండరు వెంట తెచ్చుకున్నాడు. మావాళ్ళు వచ్చినప్పుడు ఆ గది తలుపు దగ్గరగా వేసేవాణ్ణి. అడిగినవాళ్ళకి మాత్రం, ఒక వృద్ధుణ్ణి ఇంట్లో పెట్టుకుని సేవ చేస్తున్నాం అని చెప్పేవాణ్ణి. చేసేది మా ఆవిడ. ఆయనకి గుడ్డు మెత్తగా నలిపి పెట్టేది, పెసరకట్టు చేసేది, మధ్యాహ్నం పూట ఇద్దరూ కూర్చుని టీవీలో సీరియల్లో విలన్ని తిట్టేవాళ్ళు.

సెట్టు వచ్చిన రోజు ఆవిడ నెత్తళ్ళ చేపలు వేయించింది. నేను భోజనానికి ముందు ప్రార్థన కాస్త పొడిగించాను. అంతటి సందర్భం మరి. కళ్ళు తెరిచేసరికి ఆయన కంచంలో సగం అయిపోయింది. కరకరమని నములుతున్నాడు. దవడ ఒకవైపు ఆడించి, రెండోవైపు ఆడించి, నాలికతో తడిమి చూసుకుని, మళ్ళీ నమిలాడు.

"సెల్లమ్మా, కూసింత ఉప్పు తక్కువైంది," అన్నాడు.

మా ఆవిడ ఉప్పు తేవడానికి లోపలికి వెళ్ళి కాసేపటిదాకా రాలేదు.

తిండి పడ్డాక కాళ్ళు వచ్చాయి. మొదట గదిలోంచి గేటు దాకా, తర్వాత వీధి చివర కిరాణా కొట్టు దాకా. ఈలోగా పాస్టరు గారు ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. రుమాలు మూట, పళ్ళు, కొత్త సెట్టు అన్నీ చెప్పాను. జనం నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. ఆ సాక్ష్యంలో బీరువా లేదు. ప్రార్థన చేసి చెప్తానన్న ఫోను లేదు. ఆ రెండూ అక్కడ చెప్పలేకపోయాను కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆశ్రమానికి తిరిగి తీసుకెళ్ళిన రోజు సరిగ్గా భోజనాల వేళకి చేరాం. మేడం గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన మంచం దగ్గర్నుంచి భోజనాల గది దాకా పొడవాటి వరండా. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు.

"నువ్వట్టుకుంటే నడిసినట్టు కాదు. ఒగ్గేయ్."

నడిచాడు. మధ్యలో పడిన చోటు దగ్గర ఒక్కసారి ఆగాడు. గోడ చేతికందేంత దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు. లోపలికి వెళ్ళి, స్టీలు కంచం తీసుకుని, బెంచీ మీద కూర్చున్నాడు. పక్క మంచం ముసలమ్మ, "ఏదీ, ఇగిలించు," అంది. ఇగిలించాడు. ఆవిడ వంగి చూసి, "నీ పాతయ్యే బాగున్నాయి," అంది.

మేడం నాకేసి చూసి తలూపింది. మంచం ఆయనదే.

నాకు ఒళ్ళంతా తేలికైంది. ఆయన నడిచాడని సంతోషమని ఆ క్షణాన అనుకున్నాను. కారు దగ్గరికి వస్తుంటే, ఇంట్లో కింది గది మళ్ళీ ఖాళీ అని, టీవీ రిమోటు నా చేతికొస్తుందని, తలుపులన్నీ తెరిచిపెట్టుకోవచ్చని తోచింది. నా తేలిక అక్కడిది. దాన్ని దేవుని ఎదుట ఒప్పుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది.

తాళం తీస్తుండగా వెనకనుంచి పిలిచాడు. తింటున్నవాడు లేచి వరండా అంతా దాటి మళ్ళీ నడిచొచ్చాడు. నోట్లో ముద్ద ఉంది.

"బావా, ఈడ పప్పే. ఆదోరం సేపలొండమను మా సెల్లమ్మని. వత్తాను."

"తప్పకుండా," అన్నాను. దారంతా, మర్చిపోతాడులే అనుకుంటూ వచ్చాను. మర్చిపోలేదు. ఆదివారం ఆరాధన మధ్యలో మేడం ఫోనులోంచి ఆయనే చేశాడు, చొక్కా వేసుకుని గేటు దగ్గర కూర్చున్నానని. పాస్టరు గారి ప్రసంగం ఇంకా సగం ఉంది. ముందు వరసలోంచి లేచి, అందరూ చూస్తుండగా బయటికొచ్చి, కారు తీశాను.